‘కావలెను’ అని రాసే ముందు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 నేను 1985 బ్యాచ్. ‘బి’ సెక్షన్, కిటికీ పక్క బెంచీ.

మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "పదిహేను నిమిషాలు ఏదైనా మాట్లాడు, కాకపోతే పిల్లలకూ పెద్దలకూ పనికొచ్చేది మాట్లాడు" అన్నారు. ముప్పై ఏళ్ళ పైగా ఫ్యాక్టరీల్లో బాయిలర్ల మధ్య, పంపుల మధ్య బతికినవాణ్ణి. వాటి గురించి మొదలుపెడితే భోజనాల వేళకు సగం మంది నిద్రపోతారు. అందుకని చిన్న విషయం ఎంచుకున్నాను. పేపర్లో, నోటీసు బోర్డు మీద, ఇప్పుడైతే వాట్సాప్‌లో ‘కావలెను’ అంటూ వచ్చే ఉద్యోగ ప్రకటన. దాన్ని సరిగ్గా రాయడం. విషయం చిన్నదే గానీ దాని వల్ల నేను చేసిన తప్పులు చిన్నవి కావు. అందులో ఒకటి ఇవాళ మీ ముందు చెప్పుకుందామనే వచ్చాను.

ముందు మన బడి సంగతి. తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు లేఖారచన చెబుతూ, "మీ ఇంటి ఆవు తప్పిపోయింది. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించడానికి ఒక ప్రకటన రాయండి" అన్నారు. నేను ఒక పేజీ నిండా రాశాను. ఆవు మా ఇంటి మహాలక్ష్మి అనీ, దాని కళ్ళు కరుణ చిందిస్తాయనీ, అది లేక మా అమ్మ అన్నం ముట్టడం లేదనీ. నాకు తెలిసి క్లాసులో అంతకంటే బాగా ఎవరూ రాయలేదు. మాస్టారు చదివి కాగితం నా చేతిలో పెట్టి, "బాగుందిరా, ఏడుపొచ్చింది. ఇప్పుడు చెరువు గట్టు మీద ఆవు కనబడితే అది మీదో కాదో నాకెలా తెలుస్తుంది? కొమ్ము ఎటు వంగి ఉందో రాయి. ఎడమ చెవికి నొక్కుందా? మెడలో తాడా, గంటా? దొరికితే ఎవరింటికి తోలుకురావాలి?" అన్నారు. క్లాసంతా నవ్వింది. పదికి మూడు మార్కులేశారు. ఆ మూడు మార్కులు నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

2015 చివర్లో నేను విశాఖపట్నం దగ్గర ఒక ఫ్యాక్టరీలో యుటిలిటీస్ చూసేవాణ్ణి. యుటిలిటీస్ అంటే ఆవిరి, నీళ్ళు, గాలి, కరెంటు. ఇవి ఆగితే ఫ్యాక్టరీ ఆగుతుంది. బాయిలర్ షిఫ్టు ఇన్‌చార్జి ఒకరు మానేశారు. హెచ్చార్ నుంచి ఒకతను వచ్చి, "సార్, పేపర్లో వెయ్యాలి, నాలుగు లైన్లు ఇవ్వండి" అన్నాడు. నేను షట్‌డౌన్ పనిలో ఉన్నాను. నిలబడే చెప్పాను. మరునాటి ఆదివారం పేపర్లో పడింది ఇదీ: ‘ప్రముఖ సంస్థకు డైనమిక్ బాయిలర్ ఇన్‌చార్జి కావలెను. అనుభవం తప్పనిసరి. ఆకర్షణీయమైన జీతం. ఇంగ్లీషు అనర్గళంగా మాట్లాడగలగాలి. నేరుగా ఇంటర్వ్యూకు హాజరు కావలెను.’

ఇప్పుడు ఇందులో కొమ్ము ఎక్కడుందో చూడండి. బాయిలర్ దగ్గర పనిచేసేవాడికి ప్రభుత్వ బాయిలర్ల శాఖ ఇచ్చే అర్హత పత్రం ఉండాలి. ఫస్ట్ క్లాసా, సెకండ్ క్లాసా అన్నది బాయిలర్ సైజును బట్టి ఉంటుంది. అది చట్టం. మాకు కావలసింది ఏ క్లాసో నేను చెప్పలేదు. నెలలో పది రోజులు రాత్రి షిఫ్టు అని చెప్పలేదు. మొదటి ఏడాది కాంట్రాక్టు మీద అని చెప్పలేదు. ముప్పై ఐదేళ్ళ లోపు వాళ్ళనే తీసుకోవాలని లోపల అనుకున్నాం, అదీ చెప్పలేదు. నిజం ఒప్పుకుంటాను. ఆ వయసు సంగతి కావాలనే రాయలేదు. రాస్తే బాగుండదని. చెప్పినవన్నీ అక్కర్లేనివి. ‘డైనమిక్’ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. బాయిలర్ దగ్గర నిజానికి నిదానస్తుడు కావాలి. నీటిమట్టం చూసే గాజు గొట్టం వైపు రాత్రి మూడింటికి కూడా కళ్ళు పెట్టి కూర్చునేవాడు కావాలి. ఇంగ్లీషు ఎందుకు రాయించానో దేవుడికే తెలియాలి. లాగ్ షీట్లో అంకెలు రాయడం తప్ప అక్కడ ఇంగ్లీషుతో పనే లేదు.

అరవై మంది దాకా వచ్చారు. అందులో ముప్పై మందికి బాయిలర్ సర్టిఫికెట్టే లేదు, ఉండాలని వాళ్ళకు తెలిసే దారీ లేదు. మధ్యాహ్నం ఒకాయన వచ్చారు. నలభై రెండేళ్ళు. కాగజ్‌నగర్ నుంచి. అక్కడి కాగితపు మిల్లు అప్పటికి మూతపడి ఏడాది దాటింది. రైలు మారి, ఒక రాత్రీ ఒక పూటా ప్రయాణం చేసి, స్టేషన్లోనే మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా మార్చుకుని వచ్చారు. ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్, పదిహేడేళ్ళ అనుభవం. ఫైల్లో కాగితాలన్నీ వరసగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకున్నారు. నేను రెండు ప్రశ్నలు అడిగాను. ఫీడ్ పంపు ఆగితే ముందు ఏం చేస్తారంటే, ఆయన చెప్పిన జవాబు ఆ రోజు మరెవ్వరూ చెప్పలేదు. అప్పుడు హెచ్చార్ అతను నా చెవిలో, "సార్, ఏజ్" అన్నాడు. ఇంటర్వ్యూ మొత్తం ఆరు నిమిషాలు.

బయటికి వెళ్ళబోతూ ఆయన అడిగారు, "వయసు వల్లనా సార్?" నేను అబద్ధం చెప్పలేకపోయాను. "ఆ ఒక్క ముక్క పేపర్లో వేసి ఉంటే రాకపోదును కదా సార్. టిక్కెట్టుకు అప్పు చేశాను" అన్నారు. కోపంగా కాదు. లెక్క చెబుతున్నట్టు అన్నారు. కోప్పడి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

మేము తీసుకున్న ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు యాభై రోజులకు మానేశాడు. రాత్రి షిఫ్టులని చేరాక గానీ తెలియలేదు. ఇంట్లో మంచాన పడ్డ తండ్రి ఉన్నాడు. అతని తప్పేముంది? అప్పుడు నేను పాత ఫైలు వెతికి కాగజ్‌నగర్ ఆయనకు ఫోన్ చేశాను, మేనేజ్‌మెంటును నేను ఒప్పిస్తాను రమ్మని. ఆయన అప్పటికే గుజరాత్‌లో ఏదో ఫ్యాక్టరీలో చేరిపోయారు. "అడిగారు, అది చాలు సార్" అన్నారు. ఆ ఫోన్ పెట్టేశాక నాకు ఆవు గుర్తొచ్చింది.

అప్పటినుంచి మా విభాగానికి ప్రకటన ఏదైనా నేనే రాస్తాను. కూర్చుని రాస్తాను. ముందు ఆ పని ఇప్పటికే చేస్తున్నవాడి దగ్గరికి వెళ్ళి, "నిన్న పొద్దున్నించి ఏమేం చేశావో చెప్పు" అని అడుగుతాను. ప్రకటనలో సగం అక్కడే దొరుకుతుంది. ఆఫీసు గదిలో కూర్చుని ఊహిస్తే ‘డైనమిక్’ లాంటి మాటలే వస్తాయి. తర్వాత అర్హతలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్క దాని ముందూ ‘ఇది లేకపోతే నిజంగా పని జరగదా’ అని ప్రశ్న వేసుకుంటాను. జరగదు అనుకున్నవి ‘తప్పనిసరి’. మిగతావి ‘ఉంటే మంచిది’. మొదట్లో పద్నాలుగు ఉండే జాబితా నాలుగైదుకు దిగుతుంది. ఫిట్టరు పనికి ఐటీఐ రెండేళ్ళ ఫిట్టర్ ట్రేడు చాలు అన్నచోట మనం డిప్లొమా అడుగుతాం, డిప్లొమా చాలు అన్నచోట బీటెక్ అడుగుతాం. చేరిన బీటెక్ కుర్రాడు నాకీ పనేంటని ఆరు నెలల్లో వెళ్ళిపోతాడు, ఐటీఐ చదివినవాడు గేటు దాకా కూడా రాడు.

రానివాళ్ళ గురించి ఒక మాట. వచ్చినవాళ్ళను మనం చూస్తాం, లెక్కపెడతాం. ప్రకటన చదివి ‘ఇది మనకు కాదులే’ అని పేపరు మడిచి పెట్టేసినవాళ్ళు మన లెక్కలోకి రారు. సుధామూర్తి గారి కథ మీలో చాలామందికి తెలుసు. 1974లో ఆవిడ బెంగళూరులో చదువుకుంటున్నప్పుడు టెల్కో కంపెనీ ఇంజనీర్లు కావాలని ప్రకటన వేసింది. కింద మహిళలు దరఖాస్తు చేయనక్కర్లేదని ఒక లైను. ఆవిడ ఉడికిపోయి జె.ఆర్.డి. టాటాకే పోస్టుకార్డు రాశారు. పుణెలో ఇంటర్వ్యూకు పిలిచారు, ఉద్యోగమిచ్చారు. చాలా గొప్ప కథ. కానీ ఆ రోజు అదే నోటీసు చదివి, పోస్టుకార్డు రాయకుండా వెళ్ళిపోయిన అమ్మాయిలు ఎంతమందో ఎవరికి తెలుసు? ఉద్యోగాల్లోకి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదని 1976లోనే చట్టం వచ్చింది. అయినా ‘పురుషులు మాత్రమే’ అని మొన్న మొన్నటిదాకా నేనే ఫైళ్ళలో చూశాను.

మన బడిలోనే నాకంటే నాలుగేళ్ళు చిన్నదైన ఒక చెల్లెమ్మ ఉంది. పేరు చెప్పను, ఇక్కడే కూర్చుని ఉంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసింది, ఆ రోజుల్లో ఆ ట్రేడులో ఆడపిల్ల ఆవిడొక్కతే. క్రితంసారి కలిసినప్పుడు ఆవిడ, "అన్నయ్యా, మీ ఫ్యాక్టరీ వాటర్ ప్లాంటు ఆపరేటరు ప్రకటన చూశాను. ఇంగ్లీషు అనర్గళంగా అని ఉంది. మనకెక్కడొస్తుందిలే అని ఊరుకున్నాను" అంది. ఆ మాట మా ప్రకటనలన్నిట్లోకీ అలవాటుగా ఎక్కించింది నేనే. ఆ ప్లాంటులో ఆపరేటర్లంతా మాట్లాడుకునేది ఉత్తరాంధ్ర తెలుగు.

జీతం దగ్గరికి వద్దాం. ‘ఆకర్షణీయమైన’, ‘గౌరవప్రదమైన’, ‘అర్హతను బట్టి’. ఈ మూడు మాటలూ ఒకే పని చేస్తాయి, అంకెను దాచిపెడతాయి. అంకె రాసినా కొందరు సీటీసీ రాస్తారు, అంటే ఆ మనిషి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు. పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి ఒక లెక్క చెబుతాను. నెలకు 22,000 సీటీసీ అనుకోండి, అందులో బేసిక్ 15,000. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, దాని ఖర్చులతో కలిపి 1,950. గ్రాట్యుటీ పేరున పక్కన పెట్టేది 720. కంపెనీ ఈఎస్‌ఐ వాటా 610. ఇవి పోగా గ్రాస్ 18,720. అందులోంచి మళ్ళీ మీ పీఎఫ్ 1,800, మీ ఈఎస్‌ఐ 141, వృత్తి పన్ను 150 పోతే చేతికొచ్చేది దాదాపు 16,600. మోసమేమీ లేదు, పీఎఫ్ అతని డబ్బే. కానీ 22,000 అనుకుని ఊళ్ళోంచి వచ్చి, గది అద్దెకు తీసుకుని, ఇంటికి నెలకు ఎనిమిది వేలు పంపుతానని అమ్మకు మాటిచ్చిన కుర్రాడికి మొదటి నెల స్లిప్పు చూడగానే మోసపోయాననే అనిపిస్తుంది. నేను ఇప్పుడు ‘చేతికి ఇంత’ అని రాస్తాను. హెచ్చార్ వాళ్ళు మొదట గొడవ చేశారు. ఇప్పుడు చేయడం లేదు, ఎందుకంటే చేరినవాళ్ళు నిలబడుతున్నారు.

గల్ఫ్ ప్రకటనల గురించి ఎక్కువ చెప్పను. విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు లేని కాగితాన్ని పక్కన పెట్టేయండి. దేశంలోని ఉద్యోగమైనా సరే, ఇంటర్వ్యూకు ముందే డిపాజిట్టు అడిగితే అది ఉద్యోగం కాదు. మన వాట్సాప్ గ్రూపులో అలాంటివి ఫార్వర్డ్ చేసే పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళకూ ఇదే నమస్కారం.

ఇక అసలు సంగతి. ఇదంతా ఇవాళే ఎందుకు చెబుతున్నానంటే, నిరుడు మన సంఘం కూడా ఒక ప్రకటన వేసింది. లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉంటే, హెడ్మాస్టరు గారి అనుమతితో మన నిధి నుంచి జీతమిచ్చి ఒకరిని పెట్టుకుందామనుకున్నాం. ‘మన ప్రియతమ పాఠశాలకు సేవాభావం, నిబద్ధత గల అనుభవజ్ఞులైన గణిత ఉపాధ్యాయులు కావలెను. గౌరవప్రదమైన వేతనం ఇవ్వబడును.’ కమిటీలో నేనూ ఉన్నాను. గ్రూపులో వచ్చినప్పుడు చూసి బొటనవేలు బొమ్మ పెట్టాను. ఇన్ని కబుర్లు చెబుతున్న నేనే.

ఒక అమ్మాయి చేరింది. చేరాక తెలిసింది జీతం తొమ్మిది వేలని. పదో తరగతికి సాయంత్రం ఆరున్నర దాకా స్టడీ అవర్ ఉందని చేరాక తెలిసింది. వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు ఆరింటికి. నెలన్నర పాటు వాళ్ళ నాన్న రోజూ బండి మీద వచ్చి తీసుకెళ్ళాడు. దసరా సెలవులకు వెళ్ళి మళ్ళీ రాలేదు, అవనిగడ్డలో డీఎస్సీ కోచింగుకు చేరిపోయింది. ‘ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదు’ అని మన గ్రూపులో పెద్ద చర్చ జరిగింది. దసరా నుంచి సంక్రాంతి దాకా పదో తరగతికి లెక్కలు చెప్పినవాళ్ళు లేరు. సంక్రాంతి తర్వాత రిటైరైన మన లెక్కల మాస్టారు, మోకాళ్ళ నొప్పులతో, రిక్షాలో వచ్చి చెప్పారు. ఆ బ్యాచ్‌లో లెక్కల్లో తప్పిన పిల్లల పేర్లు నా దగ్గరున్నాయి. వాళ్ళు ఏ ప్రకటనా చదవలేదు పాపం.

ఈసారి నేను రాస్తానన్నాను. కమిటీలో రెండు మీటింగులు దీని మీదే జరిగాయి. జీతం అంకె వేయొద్దని పట్టుబట్టారు. "పదిహేను వేలని రాస్తే పరువు తక్కువరా, ఎవరొస్తారు?" అన్నాడు నా బెంచీ మిత్రుడు. పదిహేను వేలకు రానివాళ్ళు రాయకపోయినా రారు, వచ్చి వెళ్ళిపోతారు, అదింకా నష్టం అన్నాను. పరువు తక్కువ అనిపిస్తే అంకె పెంచుదాం, దాచడం ఎందుకు అని కూడా అన్నాను. దాంతో మన 1991 బ్యాచ్ వాళ్ళు అక్కడికక్కడే నెలకు మూడు వేలు కలిపారు. ఇదీ ఇప్పటి ప్రకటన, చదువుతున్నాను:

"మా ఉన్నత పాఠశాలలో 8, 9, 10 తరగతులకు లెక్కలు చెప్పడానికి ఒకరు కావాలి. తెలుగు, ఇంగ్లీషు మీడియం రెండూ ఉన్నాయి. వారానికి 30 పీరియడ్లు. వారంలో మూడు రోజులు సాయంత్రం ఐదున్నర దాకా పదో తరగతి స్టడీ అవర్ ఉంటుంది, ఆ రోజుల్లో ఊరికి బస్సు లేనివారిని ఆటోలో దించే ఏర్పాటు చేస్తాం. ఇది ప్రభుత్వ ఉద్యోగం కాదు, పర్మినెంటు కాదు. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి వేసవి సెలవులిచ్చే దాకా మాత్రమే. నెలకు 18,000 రూపాయలు, కోతలు లేవు, 5వ తేదీ లోపు బ్యాంకులో వేస్తాం. దసరా, సంక్రాంతి సెలవులకు కూడా జీతం ఉంటుంది. బీఎస్సీ లెక్కలు, బీఈడీ తప్పనిసరి. అనుభవం ఉంటే మంచిది, లేకపోయినా రావచ్చు. కొత్తవారికి మొదటి నెల మా రిటైర్డ్ మాస్టారు తోడుంటారు. డీఎస్సీకి చదువుతున్నవారూ రావచ్చు, మానేయాల్సి వస్తే ఒక నెల ముందు చెప్పాలి. ఎంపిక కోసం తొమ్మిదో తరగతికి ఒక పీరియడు పాఠం చెప్పాలి. వచ్చినవారందరికీ బస్సు ఛార్జీలు ఇస్తాం. ఎంపిక కానివారికి కూడా వారంలోగా ఫోన్ చేసి చెబుతాం."

బస్సు ఛార్జీల లైను కాగజ్‌నగర్ ఆయన కోసం రాశాను. ఆయనకు తెలియదు.

ఈ ప్రకటన పొద్దున్న మా తెలుగు మాస్టారికి చూపించాను. ఎనభై రెండేళ్ళు వచ్చినా జేబులో ఎర్ర పెన్ను ఇంకా ఉంది. రెండుసార్లు చదివారు. నా చిత్తుప్రతిలో ‘జీతం బ్యాంకులో వేయబడును’ అని ఉంటే కొట్టేసి, ‘వేస్తాం’ అని రాశారు. "వేయబడును అంటే ఎవరు వేస్తార్రా? ఆలస్యమైతే ఆ పిల్ల ఎవర్ని అడగాలి?" అన్నారు. కోశాధికారి గారు పక్కనే ఉన్నారు, ఆయన విన్నారు. మార్కులు ఎన్నని అడిగితే మాస్టారు చెప్పలేదు. పిల్ల దొరికాక వేస్తానన్నారు.

ప్రకటన కాపీలు బయట రిజిస్ట్రేషన్ టేబుల్ మీద, తాంబూలాల పళ్ళెం పక్కన పెట్టాం. మీ ఊళ్ళోనో, బంధువుల్లోనో బీఈడీ చేసి ఖాళీగా ఉన్న అమ్మాయిగానీ అబ్బాయిగానీ ఉంటే ఒకటి తీసుకెళ్ళి చేతికివ్వండి. గ్రూపులో ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి. ఫోన్ నంబరు కిందే ఉంది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నేనే తీస్తాను.

భోజనాలకు పిలుస్తున్నారు.